గేటు దగ్గర తిరిగిచ్చిన మాట

కాస్త దగ్గరికి జరిగి కూర్చోండి. పొయ్యి మీద ఏదైనా ఉంటే మంట తగ్గించి రండి, ఫోను బోర్లా పెట్టేయండి. ఇది నేను ఒక్కదాన్నే రైల్లో, మాంట్రియల్ అవతల నది ఒడ్డున ఉన్న మిరమిషీ ఊరి దాకా వెళ్ళి వచ్చిన సంగతి. ఆ దారిన వెళ్ళాలనుకునేవాళ్ళకి ఎక్కడ ఎక్కాలో, ఏం తీసుకెళ్ళాలో కూడా చెబుతాను. కానీ నేను వెళ్ళింది ఊరు చూడ్డానికి కాదు. నా చేతిసంచిలో ఒక కాగితం ముక్క ఉంది. దాన్ని ఒక ముసలావిడ దగ్గర్నుంచి ఇంకో ముసలావిడకి చేర్చాలి. ఆ రెండో ఆవిడ ఏమంటే ఆ మాట ఉన్నదున్నట్టు వెనక్కి తేవాలి.

నా పేరు రత్నం. ఏజాక్స్‌లో ఉంటాను. చదివింది ఐదో తరగతి, అదీ నర్సాపురం పక్క పల్లెలో. ఇక్కడికి వచ్చిన దగ్గర్నుంచి ముసలివాళ్ళ హోమ్‌లో లాండ్రీ పని చేస్తున్నాను. ఏ చొక్కా ఎవరిదో మెడ దగ్గర పేరు చూడకుండా చెప్పగలను. విన్న మాటా అంతే, విన్నది విన్నట్టు ఉండిపోతుంది. ఇది కూడా మా అమ్మాయి జ్యోతి పోరు పడలేక కాగితం మీద పెడుతున్నాను.

బ్రైడీ గారిది రెండో అంతస్తులో కిటికీ గది. ఐర్లండ్ మనిషి, తొంభై రెండేళ్ళు. తుంటి విరిగిన దగ్గర్నుంచి మంచం దిగరు. ముక్కుకి ఆక్సిజన్ గొట్టం. బట్టలు ఇవ్వడానికి వెళ్ళినప్పుడల్లా నా ఫ్లాస్కులో టీ ఒక గుక్క పోసేదాన్ని. మొదటిసారి తాగి ఆవిడ అన్న మాట ఇది. "మా అమ్మ ఒక్క ఆకునే మూడుసార్లు మరిగించేది, రత్నం. మొదటి నీళ్ళు ఎవరికి, మూడో నీళ్ళు ఎవరికి, అదే మా ఇంట్లో రాజకీయం." ఆవిడ మాట్లాడేది ఇంగ్లీషే. నేను నా తెలుగులో చెబుతున్నాను. అర్థం మాత్రం ఎక్కడా తప్పించను.

ఆ రాజకీయం ఏమిటో ముందే చెప్పేస్తాను, లేకపోతే నా ప్రయాణం మీకు తలాతోకా లేనిదై పోతుంది. బ్రైడీ గారికి ఎనిమిదేళ్ళప్పుడు ఇంగ్లండుకీ జర్మనీకీ యుద్ధం జరుగుతోంది. ఐర్లండ్ మాత్రం మేం ఎవరి పక్షమూ కాదని కూర్చుంది. ఇంగ్లండు కింద తరతరాలు నలిగినవాళ్ళు వాళ్ళ కోసం చావమంటే చస్తారా. అలాగని జర్మనీ మీద ప్రేమా లేదు. బ్రైడీ గారి చిన్నాన్నే పొట్టకూటికి ఇంగ్లండు సైన్యంలో చేరాడు. ఎవరి విమానమైనా దారి తప్పి వాళ్ళ నేల మీద దిగితే అందులోవాళ్ళని యుద్ధం అయ్యేదాకా ఒక శిబిరంలో ఉంచేవారు. కంచెకి ఇటు ఇంగ్లండు తరఫున ఎగిరినవాళ్ళు, అటు జర్మన్లు. ఆ గేటు దగ్గర కాపలా సార్జెంటు బ్రైడీ గారి నాన్న.

ఆ శిబిరంలో ఒక పద్ధతి ఉండేది. సాయంత్రాలు బయటికి వెళ్ళి రావచ్చు. వెళ్ళేటప్పుడు గేటు దగ్గర ఒక చిన్న కాగితం మీద సంతకం పెట్టాలి, ఫలానా వేళకి తిరిగి వస్తాను, ఈలోగా పారిపోను అని. తిరిగి రాగానే కాపలావాడు దాని మీద వేళ వేసి, పొడి సంతకం పెట్టి, ఆ కాగితం మనిషి చేతికి ఇచ్చేస్తాడు. అంటే మాట తిరిగిచ్చేసినట్టు. ఆ తర్వాత కంచె దూకు, సొరంగం తవ్వు, అది నీ తెలివి. పట్టుకోవడం వాళ్ళ పని. కానీ బయట ఉన్నప్పుడు, కాగితం గేటు దగ్గర ఉన్నంతసేపు, పారిపోతే మాట తప్పినవాడు. అలా మాట తప్పి వచ్చినవాణ్ణి ఇంగ్లండు వాళ్ళే వెనక్కి పంపేవారట.

అలా సాయంత్రాలు బయటికి వచ్చేవాళ్ళలో ఇద్దరు బ్రైడీ గారి ఇంటికి టీకి వెళ్ళేవారు. ఒకడు జాక్, మిరమిషీ కుర్రాడు, ఇరవై రెండేళ్ళు, ఇంగ్లండు విమానాల్లో పనిచేసేవాడు. ఇంకొకడు కార్ల్, జర్మన్. ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకునేవారు కాదు. బ్రైడీ గారి అమ్మ, ఎవరు ముందుగా గడప దాటి లోపలికి వస్తే వాళ్ళకే మొదటి నీళ్ళు పోసేది. ఇంగ్లండు వైపు వాడని జాక్‌కి ఎక్కువ లేదు, పగవాడని కార్ల్‌కి తక్కువ లేదు. కార్ల్ ఆ ఇంటి గోడ గడియారం బాగుచేసి ఇచ్చాడట.

ఆ జాక్ ఒక సాయంత్రం శిబిరం నుంచి మాయమయ్యాడు. ఏడు వారాల తర్వాత జర్మనీ మీద ఎగురుతూ పోయాడు. మాట తప్పి పారిపోయాడని అందరూ అన్నారు. తప్పలేదని చెప్పే కాగితం ఎనభై ఏళ్ళుగా బ్రైడీ గారి ఇంట్లో ఉంది.

మా జ్యోతి ఇంటర్నెట్లో వెతికి, జాక్ చెల్లెలు రూత్ గారు బతికే ఉన్నారని, మిరమిషీలో కోడలి దగ్గర ఉన్నారని పట్టుకుంది. కోడలు డెబ్బీకి మెసేజ్ పెడితే రమ్మన్నారు. పోస్టులో పంపుదామంటే బ్రైడీ గారు ఒప్పుకోలేదు. ఫోనులో మాట్లాడదామంటే ఆవిడకి వినపడదు.

"నువ్వు వెళ్ళు రత్నం. నువ్వు కలపవు, తీసేయవు. నాకు తెలిసినదంతా నీకు చెప్పాను. అంతా చెప్పు. ఆవిడ ఏమంటే అది తీసుకురా. తిట్టినా సరే."

బుధవారం ఉదయం ఎనిమిదింటికి ఏజాక్స్ స్టేషన్లో జ్యోతి దింపింది. నవంబరు మొదటి వారం, పొగమంచు. "అమ్మా, టికెట్ ప్రింట్ తీసి జిప్పులో పెట్టా. పవర్ బ్యాంక్ ఛార్జ్ చేశా. ప్లీజ్, ఎవరికి పడితే వాళ్ళకి పులిహోర పెట్టకు" అంది. నాకు అరవై నిండాయి గనక టికెట్లో కొంత తగ్గింది. రాత్రంతా కుర్చీలోనే కూర్చునేట్టు తీసుకున్నాను. పడక బోగీ ధర వింటేనే నిద్ర ఎగిరిపోతుంది. వెళ్ళేవాళ్ళు మెడకో దిండు, ఒక శాలువ మర్చిపోకండి.

ఏజాక్స్ నుంచి ఆషావా ఇరవై నిమిషాలు. అక్కడ మాంట్రియల్ రైలు తొమ్మిది దాటాక వచ్చింది. నా పక్క సీట్లో ఎనభై దాటిన పెద్దాయన. కోటు మీద ఎర్ర గసగసాల పువ్వు గుర్తు, యుద్ధంలో పోయినవాళ్ళ కోసం ఏటా నవంబరు మొదట్లో ఇక్కడ అందరూ పెట్టుకుంటారు. నాకు పిప్పరమెంటు బిళ్ళ ఇచ్చాడు. కింగ్‌స్టన్ దాటేసరికి ఎక్కడికి అంటే ఎక్కడికి అని మాటలు కలిశాయి. ఐర్లండ్ ఆవిడ పని మీద వెళ్తున్నానని చెప్పాను. ఆయన కిటికీ వైపు తిరిగాడు.

"మా నాన్న నౌకల్లో పనిచేసేవాడు. నేను పుట్టకముందే సముద్రంలో పోయాడు. ఐర్లండ్ వాళ్ళు తమ రేవుల్లోకి మా యుద్ధనౌకలని రానిస్తే అవి ఆ సముద్రపు దారిని కాపాడేవట. రానివ్వలేదు. ఇంగ్లండంతా బాంబుల భయంతో చీకట్లో ఉంటే వాళ్ళు దీపాలు వెలిగించుకుని కూర్చున్నారు."

నేను బిళ్ళ చుట్టిన కాగితాన్ని మడతపెట్టాను. ఆయనే మళ్ళీ అన్నాడు. "మా నాన్న శవం కొట్టుకుపోయి వాళ్ళ ఒడ్డుకే చేరింది. అక్కడి పల్లెవాళ్ళే పాతిపెట్టారు. సమాధి శుభ్రంగా ఉంచుతున్నారు. వెళ్ళి చూశాను. ఏమనాలో తెలియలేదు."

కార్న్‌వాల్ దగ్గర దిగుతూ ఇంకో బిళ్ళ ఇచ్చి వెళ్ళాడు.

మాంట్రియల్‌కి రెండున్నర. రాత్రి బండి ఏడింటికి. మధ్యలో నాలుగు గంటలు స్టేషన్లోనే కూర్చోవచ్చు, వెచ్చగా ఉంటుంది, బల్లలుంటాయి. టీ అడిగితే వేడి నీళ్ళూ టీపొడి సంచీ వేరువేరుగా ఇచ్చారు. నేను పులిహోర డబ్బా తీశానో లేదో, వెనక బల్ల మీద నుంచి ఒక పిల్ల లేచి వచ్చింది.

"ఆంటీ, తెలుగోళ్ళే గదా. వాసనకే గుర్తువట్టిన."

శ్రావ్య, జగిత్యాల పిల్ల. మాంక్టన్‌లో కాలేజీ చదువుతూ, సాయంత్రాలు కాఫీ కొట్టులో పార్ట్‌టైమ్ చేస్తోంది. తనదీ నా రాత్రి బండే. జ్యోతి మాట గుర్తొచ్చినా డబ్బా ముందుకి జరిపాను. తింటూ నా పని ఏమిటో అంతా విన్నది.

"మరి ఆ ఐర్లండోళ్ళు ఎవరి దిక్కున్నరు ఆంటీ?"

"ఎవరి దిక్కూ లేరమ్మా."

"గట్లెట్ల ఉంటరు. మా రూమ్‌ల ఇద్దరు కొట్లాడుకున్నరు. నేను ఎవరి దిక్కు మాట్లాడలే. ఇప్పుడు ఇద్దరు కలిసిపోయిన్రు, నాతోనే మాట్లాడుడు బంజేసిన్రు." వేళ్ళకంటిన పల్లీలు కూడా తినేసి అడిగింది. "గా కాగితం ఇస్తే ఆమె సంబురపడ్తదా?"

"పడుతుందనే అనుకుంటున్నాను. వాళ్ళ అన్న మాట తప్పినవాడని ఎనభై ఏళ్ళు విన్నది కదా."

"ఏమో ఆంటీ" అంది ఆ పిల్ల, అంతే.

రాత్రి ప్రయాణం గురించి చెప్పడానికేం లేదు. కుర్చీలో మెడ పట్టేసింది. పొద్దున్నే కళ్ళు తెరిస్తే ఒక పక్క వెడల్పాటి నీళ్ళు, ఒక పక్క నల్లటి అడవి, సన్నగా మంచు. న్యూ బ్రన్స్‌విక్‌లోకి వచ్చేశాం. ఇక్కడ గడియారం ఒక గంట ముందుకి తిప్పుకోవాలి. శ్రావ్య చెప్పబట్టి సరిపోయింది, లేకపోతే నా స్టేషన్ నా వాచీలో ఇంకా రాకముందే దాటిపోయేది. మిరమిషీలో పదకొండున్నర దాటాక దిగాను. చిన్న స్టేషన్. నాతో దిగింది ఇంకో ఇద్దరే.

డెబ్బీ కారు తెచ్చింది. నా వయసే ఉంటుంది, బక్కపల్చటి మనిషి. వంతెన దాటుతుంటే "అత్తయ్య రెండు రోజులుగా సరిగా తినలేదు. మీరు తెస్తున్నది మంచి సంగతే కదా?" అని అడిగింది.

"మంచిదే" అన్నాను.

ఇంట్లో వంటగదిలో కట్టెల పొయ్యి, పక్కన రూత్ గారు. సన్నటి మనిషి, వెన్ను నిటారు. తొంభై నాలుగు. గోడ మీద పెళ్ళిఫోటోలు, మనవల ఫోటోలు, ఒక గుర్రం ఫోటో కూడా ఉంది. సైన్యం దుస్తుల్లో ఎవరూ లేరు. డెబ్బీ కోటు మీద ఎర్ర పువ్వు ఉంది. ఆవిడ స్వెట్టరు మీద లేదు.

"ముందు తిను" అన్నారు. బీన్స్, రొట్టె. టీ చిక్కగా కాచి, మొదటి కప్పు నాకే ఇచ్చారు. తిన్నాక బల్ల తుడిచి, చేతులు దాని మీద పెట్టుకుని కూర్చున్నారు. నేను కవరు తీశాను.

కాగితం బస్సు టికెట్ కంటే కొంచెం పెద్దది. పాతబడి పసుపెక్కింది, మడతల దగ్గర నల్లబడింది. పైన అచ్చు, కింద వెళ్ళిన వేళ, జాక్ సంతకం. దాని కింద ఇంకో చేతిరాతలో తిరిగొచ్చిన వేళ, ఆరు. పక్కన పొడి సంతకం.

ఆవిడ దాన్ని ముట్టుకోలేదు. "చెప్పు" అన్నారు.

చెప్పాను. బ్రైడీ గారు ఎలా చెప్పారో అలాగే. జాక్‌కి ఉత్తరాలు వచ్చేవి, ఒక్కో ఉత్తరంలో ఒక్కో స్నేహితుడు పోయాడని. "ఇక్కడ నా రొట్టెకి వెన్న రాస్తున్నారు, అక్కడ వాళ్ళు చస్తున్నారు" అని బ్రైడీ గారి అమ్మతో అన్నాడు. తిండి మానేశాడు. రెండుసార్లు కంచె కింద నుంచి దూరబోయి దొరికాడు. ఆ సాయంత్రం ఎనిమిదేళ్ళ బ్రైడీ తండ్రికి భోజనం క్యాను తీసుకుని గేటు దగ్గరికి వెళ్ళింది. జాక్ అప్పుడే తిరిగొచ్చాడు. గేటులోపల రెండడుగులు వేశాడు. ఆవిడ తండ్రి కాగితం మీద వేళ వేసి, సంతకం పెట్టి, "నువ్వు లోపలికి వచ్చావు, నీ మాట నీకు ఇచ్చేశాను. తీసుకో" అన్నాడు. తర్వాత గేటుకి తాళం వేయలేదు. "నేను పొగాకు తెచ్చుకోడానికి వెళ్తున్నాను" అని వెనక్కి తిరిగి నడిచాడు. జాక్ కాసేపు అక్కడే నిలబడ్డాడు. కాగితాన్ని బల్ల మీద పెట్టి, టోపీ తీసి ఆ పిల్లకి దణ్ణంలాంటిది పెట్టి, వెళ్ళిపోయాడు.

"మాట తప్పలేదండీ. లోపలికి వచ్చాకే వెళ్ళాడు. గేటు తెరిచి పెట్టానంటే ఉద్యోగం పోతుందని ఆయన ఈ కాగితం దాచేశాడు. పిల్లని నువ్వేం చూశావు అని అడిగితే ఏం చూడలేదు అంది. జాక్ కూడా ఇంగ్లండు చేరాక గేటు దగ్గర ఎవరున్నారో చెప్పలేదట. అతన్ని వెనక్కి పంపాలా వద్దా అని రెండు ప్రభుత్వాలు ఉత్తరాలు రాసుకుంటుండగానే..." అక్కడ ఆగాను.

రూత్ గారు నెమ్మదిగా చెప్పారు. "ఈ ఊరివాడే ఇంకొకడు ఆ శిబిరంలో ఉన్నాడు. జాక్ వెళ్ళిపోయాడని మిగతావాళ్ళకి నెలరోజులు బయటికి పంపడం ఆపేశారట. తిరిగొచ్చి ఇక్కడ అందరికీ చెప్పాడు, జాక్ ఇచ్చిన మాట తొక్కేసి పారిపోయాడని. మా నాన్న ఆ రోజే జాక్ ఫోటో తీసి నేలమాళిగలో పెట్టాడు. ఊళ్ళో యుద్ధంలో పోయినవాళ్ళ కోసం నిలబెట్టిన రాతి మీద జాక్ పేరుంది. దాని ముందు నుంచి వెళ్ళాల్సొస్తే మా నాన్న చుట్టుతిరిగి వెళ్ళేవాడు. అలాగే పోయాడు."

డెబ్బీ ఏడుస్తోంది. "అత్తయ్యా, ఆయన తప్పు చేయలేదు. విన్నారా" అంది.

రూత్ గారు అప్పుడు కాగితం చేతిలోకి తీసుకున్నారు. వెలుగుకి పట్టుకుని చూశారు. తర్వాత నా వైపు తిరిగి అడిగారు.

"ఇంకో కుర్రాడు టీకి వచ్చేవాడన్నావు. జర్మన్. వాడేమయ్యాడు?"

ఇక్కడ నేను ఆగి ఉండాల్సింది. నాకు తెలియదంటే పోయేది. కానీ అంతా చెప్పమన్నారు, చెప్పడం నాకు అలవాటు.

"కార్ల్ యుద్ధం అయ్యేదాకా అక్కడే ఉన్నాడండీ. తర్వాత ఇంటికి వెళ్ళి రొట్టెల దుకాణం పెట్టుకున్నాడు. ముగ్గురు పిల్లలు. ప్రతి క్రిస్మస్‌కీ బ్రైడీ గారి అమ్మకి కార్డు పంపేవాడు. ఆవిడ పోయేదాకా."

పొయ్యిలో కట్టె జారిన చప్పుడయ్యింది.

"మాట తప్పినవాడి చెల్లెలిగా ఎనభై ఏళ్ళు బతికాను. అది మోయగలిగాను" అన్నారు. "వాడు తప్పు చేసి, ఆ తప్పు వల్ల పోయాడనుకున్నాను. ఇప్పుడు నువ్వు చెబుతున్నావు, వాడు తప్పు చేయలేదు. తిరిగొచ్చాడు. లోపలికి అడుగు పెట్టాడు. ఆ గేటుకి తాళం వేసి ఉంటే, ఆ రోజు వాడు పడుకుని, పొద్దున్నే లేచి, గోడకి బంతి కొడుతూ విసుక్కుంటూ కూర్చునేవాడు. ఆ జర్మన్ కుర్రాడిలా ఇంటికి వచ్చేవాడు. జాక్ పారిపోయాడని చెప్పిన ఆ మా ఊరివాడికి ఇదే వీధిలో సామాన్ల కొట్టుండేది, తొంభై ఏళ్ళు బతికాడు."

"ఆయన జాలిపడే చేశాడండీ."

"తెలుస్తూనే ఉంది. ఎవరి పక్షమూ కాదన్నవాళ్ళు అలాగే ఉండాల్సింది. ఒక్క సాయంత్రం ఆయన ఒక పక్షానికి వచ్చాడు. మా పక్షానికి." కాగితాన్ని బల్ల మీద బోర్లా పెట్టారు. "మీ బ్రైడీతో చెప్పు. కాగితం అందింది. వాళ్ళ నాన్న మా అన్న మాట తిరిగిచ్చి, మనిషిని పోగొట్టాడు. ఇదే చెప్పు. ఇందులో ఒక్క మాట కూడా మెత్తన చేయకు."

వెనక్కి వెళ్ళే బండి మర్నాడు సాయంత్రం దాకా లేదు. రూత్ గారి నోట ఆ మాట అనిపించి, ఆ ఇంటి వెనక గదిలోనే పడుకోవాల్సి వచ్చింది. సాయంత్రం భోజనానికి బంగాళాదుంపలూ చేపా పెట్టారు. ఉప్పు అందించారు. నేను గిన్నెలు తోముతానంటే డెబ్బీ వద్దనలేదు. పక్కపక్కన నిలబడి తోముతుంటే అంది, "మీరు మంచి సంగతే అన్నారు."

"అనుకున్నానండీ" అన్నాను.

మర్నాడు పొద్దున్న నేలమాళిగలోంచి సామాన్లు జరిపిన చప్పుడు, మెట్ల మీద అడుగులు. డెబ్బీ ఒక ఫోటో తుడిచి తెచ్చింది. చెవులు కొంచెం పెద్దవిగా, టోపీ పక్కకి వాల్చి, నవ్వడానికి సిద్ధంగా ఉన్న కుర్రాడు. రూత్ గారు ఎక్కడ మేకు కొట్టాలో వేలితో చూపించారు, గుర్రం ఫోటో పక్కన. ఫోటో గోడకెక్కింది. తర్వాత ఆవిడ తన కుర్చీ కిటికీ వైపుకి తిప్పించుకున్నారు. వీపు ఫోటోకి. నేను బయల్దేరేదాకా అలాగే కూర్చున్నారు. వెళ్ళొస్తానంటే చెయ్యి పట్టుకున్నారు, చల్లటి చెయ్యి. "రొట్టె కట్టించాను, రైల్లో తిను" అన్నారు.

సాయంత్రం ఏడున్నర దాటాక బండి వచ్చింది. గడియారం మళ్ళీ ఒక గంట వెనక్కి తిప్పుకోవాలి, గుర్తుపెట్టుకోండి. తెల్లారి మాంట్రియల్, పదకొండింటికి ఆషావా వైపు బండి. దారంతా ఒకటే ఆలోచన. బ్రైడీ గారు అడిగితే ఏం చెప్పాలి. కాగితం తీసుకున్నారు, ఫోటో గోడకి పెట్టారు, రొట్టె కట్టి ఇచ్చారు. మూడూ నిజమే. ఆ మూడే చెబితే ముసలావిడ హాయిగా కళ్ళు మూస్తుంది. అబద్ధం ఆడినట్టు కాదు. కానీ రెండు ఇళ్ళ మధ్య నడిచే మనిషిని నేను. ఏ ఇంటి మీద జాలిపడి మాట దాచినా ఇంకో ఇంటికి అన్యాయం చేసినట్టే. రూత్ గారు మెత్తన చేయొద్దన్నారు. జాలి ఏం చేస్తుందో మొన్న ఆ బల్ల దగ్గరే విన్నాను. అలాగని ముక్కుకి గొట్టంతో ఉన్న మనిషి మీద ఆ మాట ఎలా పడేయను. కార్న్‌వాల్ వచ్చింది, కింగ్‌స్టన్ వచ్చింది. రొట్టె తినబుద్ధి కాలేదు.

ఏజాక్స్‌లో దిగేసరికి సాయంత్రం ఐదు. జ్యోతి కారులో ఉంది. ఇంటికి కాదు, హోమ్‌కే పోనిమ్మన్నాను. "అమ్మా, యూ లుక్ టెరిబుల్. రేపు చెప్పొచ్చు కదా" అంది. రేపటికి ఆ మాట నాలో ఎక్కడైనా అరిగిపోతుందేమోనని భయం.

బ్రైడీ గారు మేలుకునే ఉన్నారు. జుట్టు దువ్వించుకున్నారు, నా కోసమే అనుకుంటాను. కోటు విప్పకుండానే మంచం పక్కన కూర్చుని అంతా చెప్పాను. బీన్స్ దగ్గర్నుంచి, కుర్చీ తిప్పుకోవడం దాకా. ఆ మాట కూడా, ఆవిడ అన్నట్టే. వాళ్ళ నాన్న మా అన్న మాట తిరిగిచ్చి, మనిషిని పోగొట్టాడు.

బ్రైడీ గారు కళ్ళు మూసుకున్నారు. పోయారేమోనని చెయ్యి పట్టుకున్నాను.

"ఉద్యోగం పోతుందని నాన్న దాచాడని చెప్పావా ఆవిడకి?"

"మీరు అలాగే చెప్పారు కదండీ."

"అది నాకు నేను చెప్పుకునే మాట" అన్నారు. "జాక్ పోయాడని తెలిసిన రోజు నాన్న గేటు పని మానేశాడు. అడిగి వంటశాలకి మార్పించుకున్నాడు. ఆ తర్వాత పోయేదాకా ఎవరికీ తలుపు తీయలేదు, రత్నం. మా ఇంటి తలుపు కూడా. ఎవరైనా బయటికి వెళ్తుంటే పక్కకి తప్పుకుని గోడకి నిలబడేవాడు. కాగితం ప్రార్థనల పుస్తకంలో పెట్టుకుని రోజూ చూసుకునేవాడు. ఆయన్ని ఎవరూ ఏమీ అనలేదు. అమ్మ అనలేదు. నేనూ అనలేదు. ఎవరో ఒకరు అని ఉంటే ఆయన తిరిగి ఏదో ఒకటి అనేవాడు. ఇంత కాలానికి ఒకరు అన్నారు."

"ఆవిడ అలా అంటుందని మీకు తెలుసా?"

"అనాలని పంపాను." తర్వాత, "మొదటి కప్పు నీకే ఇచ్చిందా?" అని అడిగారు.

"నాకే ఇచ్చారు."

"మంచి ఇల్లు" అన్నారు బ్రైడీ గారు, ముఖం గోడ వైపు తిప్పుకుని.

దీపం తగ్గించి బయటికి వచ్చాను. ఆ గది తలుపు నేను ఎప్పుడూ దగ్గరగా వేసి వస్తాను. ఆ రోజు వేయాలో, తెరిచి ఉంచాలో తెలియక కాసేపు పిడి పట్టుకునే నిలబడ్డాను. చివరికి నర్సు వచ్చి వేసింది.

వెళ్ళేవాళ్ళకి నేను చెప్పేది ఇంతే. శాలువ తీసుకెళ్ళండి, గడియారం తిప్పుకోండి, ఎవరైనా అడిగితే పులిహోర పెట్టండి. నది అందంగా ఉంటుందట, నేను సరిగా చూడలేదు. ఇంతసేపు నా పక్కన కూర్చుని విన్నారు, మీ ఇల్లు చల్లగా ఉండాలి. పొద్దున్న మీ గడప దాటి వెళ్ళిన ప్రతి ఒక్కరూ సాయంత్రానికి తిరిగి లోపలికి అడుగు పెట్టాలి, ఆ వెనక తలుపు గడియ గట్టిగా పడాలి.